ఫ్లోరెన్స్ నుంచి వియారెజ్జో: పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళొచ్చా?

ఇసుకగూళ్ళు అడిగారు:

నమస్తే అందరికీ. జూలై మొదట్లో ఫ్లోరెన్స్‌లో ఉంటున్నాం. మా అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు (పెద్దాడికి తొమ్మిది, చిన్నదానికి అయిదు). మ్యూజియంలు, చర్చిలు వరసపెట్టి చూపిస్తే పిల్లలు ఎలాగూ గోల చేస్తారు కాబట్టి మధ్యలో ఒకరోజు, కుదిరితే ఒక రాత్రి కూడా ఉండేలా సముద్రం దగ్గరికి వెళ్దామని ఆలోచన. మావారి ఆఫీసులో ఒక ఇటాలియన్ ఆయన ఏమీ ఆలోచించకుండా వియారెజ్జో వెళ్ళండి అన్నారట, చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిపారట ఆయన. తీరా నెట్‌లో వెతికితే ఒకరు ఆహా ఓహో అంటారు, ఇంకొకరు గొడుగులు తప్ప ఏమీ లేవు పొమ్మంటారు. మామయ్యగారేమో చింక్వె తెర్రె (సముద్రం ఒడ్డున కొండల మీద ఉండే అయిదు ఊళ్ళు) ఫోటోలు చూసి అక్కడికే పోదాం అని పట్టుబడుతున్నారు, ఆయనకు మోకాళ్ళ నొప్పులు, ఆ సంగతి ఆయనే మర్చిపోతారు.

బీచ్‌లో కూర్చోవడానికి నిజంగానే డబ్బులు కట్టాలా? పెద్దవాళ్ళు నీళ్ళలోకి దిగరు, ఎండలో ఎక్కువసేపు ఉండలేరు, వాళ్ళకి పొద్దు గడుస్తుందా? "చారిత్రక పట్టణం" అని ప్రతిచోటా రాస్తున్నారు కానీ ఫోటోల్లో ఒక కోటా కనపడదు, ఒక పాత చర్చీ కనపడదు, మరి ఆ చరిత్ర ఎక్కడుంది? అత్తయ్యగారు చీరలోనే ఉంటారు, బీచ్‌లో ఎవరైనా వింతగా చూస్తారేమోనని ఆవిడకి బెంగ. పైగా శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

---

పీసా_రోజులు రాశారు:

పీసాలో చదువుకునేటప్పుడు వేసవిలో మా అందరికీ దగ్గరి సముద్రం అదే, రైలెక్కితే ఇరవై నిమిషాల్లో దింపేసేది. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు డబ్బుల సంగతి. అవునండీ, ఊరి ముందున్న ఇసుకంతా దాదాపుగా "బాన్యో"ల చేతిలో ఉంటుంది. స్థలం ప్రభుత్వానిదే, లైసెన్సు తీసుకుని ఒక కుటుంబమో కంపెనీయో నడుపుకుంటారు. రోడ్డు మీద గేటు, లోపల చిన్న కేఫ్, షవర్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డు, అక్కణ్ణుంచి నీళ్ళదాకా ఒకే రంగు గొడుగులు వరసలు వరసలుగా. పక్క బాన్యోకి వెళ్తే రంగు మారుతుంది, అంతే తేడా. జూలైలో ఒక గొడుగు, దాని కింద రెండు పడక కుర్చీలు రోజుకి సుమారు 30 నుంచి 60 యూరోల మధ్య పడతాయి, నీళ్ళకి దగ్గరి వరసలకి ఎక్కువ, శని ఆదివారాలకి ఇంకా ఎక్కువ. చాలా గొడుగులు సీజన్ మొత్తానికి ముందే అమ్ముడుపోతాయి, తాతల నాటి నుంచి అదే వరసలో అదే గొడుగు కింద కూర్చునే కుటుంబాలున్నాయి అక్కడ, మీ ఆఫీసు ఆయన బహుశా ఆ బాపతే. కాబట్టి ముందురోజు ఫోన్ చేసి అడిగి వెళ్ళండి. మీకు రెండు గొడుగులు కావాలి, పెద్దవాళ్ళకి వెనక వరస తీసుకోండి, చవక, పైగా కేఫ్‌కీ బాత్రూంకీ దగ్గర.

డబ్బు కట్టకుండా సముద్రంలో దిగకూడదా అంటే, దిగొచ్చు. నీళ్ళ అంచున ఉండే పట్టీ అందరిదీ, నడవచ్చు, స్నానం చేయొచ్చు, అక్కడికి వెళ్ళడానికి బాన్యో లోంచి దారి ఇవ్వకుండా ఆపకూడదని చట్టమే ఉంది (2006 నాటిది). కాకపోతే ఆ అంచున తువ్వాలు పరుచుకుని కాపురం పెట్టకూడదు, అది నడిచేవాళ్ళకీ లైఫ్‌గార్డుకీ వదలాలి. పూర్తిగా ఉచిత బీచ్ కావాలంటే ఊరికి దక్షిణాన, పడవలు కట్టే దర్సెనా దాటాక లెచ్చోనా అని ఉంది. ఇసుకదిబ్బలు, వెనకాల పైన్ అడవి, కిలోమీటర్ల పొడవునా కట్టడాలు లేని తీరం. నాకైతే వియారెజ్జో మొత్తంలో అదే ఇష్టం. కానీ నీడ ఉండదు, నీళ్ళూ తిండీ మీరే మోసుకెళ్ళాలి, అయిదేళ్ళ పాపతో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనతో అక్కడికి వద్దు.

సముద్రం పిల్లలకి బాగుంటుంది. ఇసుక అడుగు, మెల్లగా లోతవుతుంది, చాలా దూరం వెళ్ళినా నడుం లోతే. నైరుతి నుంచి లిబెచ్చో గాలి వీచే రోజు మాత్రం అలలు పెద్దవి, ఎర్రజెండా ఎగరేస్తారు, ఆ రోజు నీళ్ళ జోలికి పోకండి. ఇంకొకటి, పిల్లలు ఇసుకో గులకరాళ్ళో సీసాల్లో నింపుకుని ఇంటికి తెచ్చుకుంటామంటారు చూడండి, ఇటలీలో అది చట్టవిరుద్ధం, జరిమానా 1,500 యూరోలకి పైమాటే. పిల్లల చేతిలో గులకరాయి చూసి ఎవరూ పోలీసులని పిలవరనుకోండి, అయినా ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులో దొరికితే తలనొప్పి. అలాగే బీచ్‌లో తిరుగుతూ అమ్మే "బ్రాండెడ్" బ్యాగులు, కళ్ళద్దాలు కొనకండి, నకిలీ సరుకు కొన్నవాళ్ళకి కూడా ఫైన్ వేస్తారు.

రైలు: ఫ్లోరెన్స్ శాంతా మరియా నొవెల్లా స్టేషన్ నుంచి ప్రాతో, పిస్తోయా, లుక్కా మీదుగా నేరుగా వియారెజ్జో రైళ్ళున్నాయి, గంటన్నర నుంచి గంటా ముప్పావు. మనిషికి 10 యూరోలు కాస్త అటూ ఇటూ. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గర మెషీన్‌లో ముద్ర కొట్టించుకోవాలి, ఫోన్‌లో కొన్నదైతే చెక్-ఇన్ నొక్కాలి. ఇది మర్చిపోతే టికెట్ చేతిలో ఉన్నా టీసీ ఫైన్ రాస్తాడు, బతిమాలినా లాభం లేదు. స్టేషన్ నుంచి సముద్రానికి ఒక కిలోమీటరు, తిన్నగా, చదునుగా. ఈ చదును అనేదే మీకు అసలు పాయింటు. చింక్వె తెర్రె అంతా మెట్లే మెట్లు, ఎక్కలేక దిగలేక మామయ్యగారు రెండో ఊరికే కూలబడతారు.

చీర గురించి ఆవిడని నిశ్చింతగా ఉండమనండి. బాన్యోలో గొడుగు కింద పూర్తిగా బట్టలేసుకుని పేపర్ చదువుకునే ఇటాలియన్ బామ్మలు బోలెడు మంది. ఊళ్ళోకి వచ్చాక ఈత బట్టలతో తిరిగేవాళ్ళనే కొంచెం చిన్నచూపు చూస్తారు.

---

దారితప్పిన_బాటసారి రాశారు:

నేనైతే వద్దంటాను. పైన చెప్పినవన్నీ నిజమే, కానీ మనం అంత దూరం వెళ్ళి వరసగా నాటిన గొడుగుల మధ్య అద్దె కుర్చీలో కూర్చోవాలా అని నా బాధ. నీళ్ళు కూడా ఫోటోల్లో చూసే నీలం కాదు, ఇసుక తీరం కదా, కొంచెం మసకగా ఉంటాయి. అక్కణ్ణుంచి ఉత్తరంగా లా స్పెత్సియా దాకా రైలు, అక్కడ బస్సెక్కితే లెరిచీ. కొండ మీద కోట, కింద రంగురంగుల ఇళ్ళు, చిన్న ఖాతం, నీళ్ళు అద్దంలా ఉంటాయి. రేవు చుట్టూ చదునే, మోకాళ్ళకి ఇబ్బంది లేదు, కోట ఎక్కకపోతే చాలు. "చారిత్రక" అన్న మాటకి అది న్యాయం చేస్తుంది.

ఆగస్టు 15 చుట్టుపక్కల అయితే వియారెజ్జో అసలు వద్దు. దేశం మొత్తం సెలవులో ఉంటుంది, కాలు పెట్టడానికి చోటుండదు. మీరు జూలై మొదట్లో అంటున్నారు కాబట్టి కాస్త నయం.

---

పీసా_రోజులు రాశారు:

లెరిచీ అందం గురించి వాదించను. కానీ ఫ్లోరెన్స్ నుంచి రైలు మారి, బస్సు మారి, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు, సామాను... ఒక్కరోజులో వెళ్ళి రావడం ఊహించుకోండి ఒకసారి. అక్కడే రెండు మూడు రాత్రులు ఉండేవాళ్ళకైతే నేనూ లెరిచీయే చెప్తాను.

---

పాటలపెట్టె రాశారు:

చరిత్ర ఎక్కడుంది అని అడిగారు కదా, దానికి నేను జవాబిస్తాను, ఎందుకంటే ఈ ఊరి మీద నాకు చాలా అభిమానం, గొడుగులు తప్ప ఏమీ లేవు అంటే మనసు ఒప్పుకోదు.

కోటల కోసం వెతికితే దొరికేది ఒక్క తోర్రె మతిల్దె, 16వ శతాబ్దపు కాపలా బురుజు, తర్వాత జైలుగా కూడా వాడారు. అంతకుమించి పాత కట్టడాలు లేకపోవడానికి కారణముంది. ఆ చోటు అప్పట్లో ఊరు కట్టుకునే నేలే కాదు, చిత్తడి. అప్పట్లో సొంత రాజ్యంగా ఉన్న లుక్కా రిపబ్లిక్‌కి సముద్రం మీదికి మిగిలిన ఒకే ఒక్క దారి అది, కాబట్టి వదులుకోలేరు, అలాగని ఉంటే మలేరియా. వెనకాల మస్సాచ్యుక్కోలి సరస్సు మంచినీళ్ళు, ముందు సముద్రం ఉప్పునీళ్ళు, రెండూ కాలవలో కలిసే చోట రోగం ఎక్కువని అప్పటి పండితులు గమనించారు. బెర్నార్దీనో జెంద్రీని అనే వెనీసు ఇంజనీరు కాలవకి తలుపులు పెట్టించాడు, సముద్రం పొంగినప్పుడు ఉప్పునీళ్ళు లోపలికి రాకుండా వాటంతటవే మూసుకునేలా. 1741కల్లా అవి పనిచేయడం మొదలైంది, జ్వరాలు తగ్గిపోయాయి, జనం వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. మలేరియా దోమల వల్ల వస్తుందని శాస్త్రానికి తెలియడానికి నూటయాభై ఏళ్ళ ముందు మాట ఇది! నన్నడిగితే ఈ ఊరి అసలు స్మారకం ఆ తలుపులే, కానీ ఏ టూరిస్టు కరపత్రంలోనూ వాటి ఫోటో ఉండదు.

అక్కణ్ణుంచి కథ వేగంగా నడిచింది. 1820లో లుక్కాని ఏలుతున్న బూర్బన్ వంశపు మరియా లువీసా దీన్ని నగరంగా ప్రకటించింది. నెపోలియన్ చెల్లెలు పావొలీనా 1822లో సముద్రం ఎదురుగా ఇల్లు కట్టించుకుంది, ఆ విల్లా పావొలీనా ఇప్పుడు మ్యూజియం. 1828లో మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి వేరువేరుగా రెండు స్నానశాలలు చెక్కతో కట్టారు. ఇవాళ మీరు 50 యూరోలు పోసి తీసుకునే గొడుగుకి ముత్తాతలు అవే. సముద్రస్నానం అప్పట్లో సరదా కాదు, వైద్యం. డాక్టర్లు చీటీ రాస్తే వచ్చి మునిగేవాళ్ళు. జనం రాగా రాగా తీరం పొడవునా చెక్క కేఫ్‌లు, దుకాణాలు, నాటకశాలలు లేచాయి, 1917 అక్టోబరులో ఒక్క రాత్రి అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఆనాటి చెక్క కట్టడాల్లో నెగోత్సియో మర్తీని అనే దుకాణం మాత్రం నిలబడింది, సముద్రపు రోడ్డు మీద నడుస్తుంటే కనపడుతుంది, అత్తయ్యగారికి చూపించండి, భలే ముద్దుగా ఉంటుంది.

ఆ రోడ్డుని పస్సెజ్జాత అంటారు. కాలిపోయాక 1920లలో సిమెంటుతో, రంగు పింగాణీ పలకలతో మళ్ళీ కట్టారు. ఆర్కిటెక్ట్ అల్ఫ్రేదో బెల్లువొమీని, అలంకారం గలిలేయో కీని. ఈ కీని గురించి ఒక ముక్క చెప్పాలి. 1911లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు పిలిస్తే బ్యాంకాక్ వెళ్ళి అక్కడి సింహాసన భవనంలో కుడ్యచిత్రాలు వేసి వచ్చాడు. ఆ తూర్పు దేశాల మోజు వియారెజ్జో గోడల మీద కూడా కనిపిస్తుంది. గ్రాన్ కఫే మర్గెరీతా రెండు గోపురాలు చూస్తే ఇది ఇటలీయేనా అనిపిస్తుంది. ఇటాలియన్ సంగీతకర్త పుచ్చీని ఆఖరి ఒపెరా (పాటలతో నడిచే నాటకం) "తురందోత్", చైనా రాజకుమారి కథ, దాని మొదటి ప్రదర్శనకి (మిలాన్, 1926) రంగస్థలం గీసింది కూడా ఈయనే. ఆ ఒపెరాని పుచ్చీని రాస్తూ వచ్చింది ఈ ఊళ్ళోనే, 1921 నుంచి ఇక్కడి పైన్ తోట పక్కన కట్టుకున్న ఇంట్లో ఉండేవాడు. పూర్తి చేయకుండానే 1924లో బ్రసెల్స్‌లో చనిపోయాడు.

అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆయన ఉన్నది తోర్రె దెల్ లాగోలో, దక్షిణాన అయిదారు కిలోమీటర్లు, సరస్సు ఒడ్డున. బాతుల వేటంటే ప్రాణం ఆయనకి. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, లోపల చిన్న ప్రార్థన గదిలో ఆయన సమాధి. పియానో, తుపాకులు, బూట్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే. జూలై, ఆగస్టుల్లో సరస్సు పక్కన ఆరుబయట రంగస్థలం మీద ఆయన ఒపెరాలు ఆడతారు, 1930 నుంచి వస్తున్న ఆనవాయితీ. మీ తేదీల్లో ఇంకా మొదలైందో లేదో సైట్‌లో చూసుకోండి.

ఇంగ్లీషు కవి షెల్లీ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు మీకు. 1822 జూలై 8న లివోర్నో నుంచి లెరిచీ వైపు పడవలో వెళ్తూ తుఫానులో మునిగిపోయాడు, పదిరోజులకి శవం ఈ తీరానికి కొట్టుకొచ్చింది. సముద్రం తెచ్చిన శవాల మీద అప్పట్లో క్వారంటైన్ నియమాలుండేవి, ఇసుకలోనే పూడ్చి, ఆగస్టులో కవి బైరన్ మొదలైన స్నేహితుల ఎదుట బీచ్‌లోనే దహనం చేశారు. ఆయన పేరున ఒక చిన్న కూడలి, ఒక విగ్రహం ఉన్నాయి. చూసి రెండు నిమిషాలు నిలబడొచ్చు, అంతకంటే ఏం లేదు.

ఇక పెద్దవాళ్ళకి పొద్దు గడవడం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా బీచ్‌లో ఉంచకండి. పస్సెజ్జాతకి ఒకటి రెండు వీధుల వెనకే పినెతా ది పొనెంతె అని పెద్ద పైన్ తోట, గొడుగుల్లాంటి చెట్లు, నిండా నీడ, బెంచీలు, పిల్లలకి రంగులరాట్నం, నలుగురు కూర్చుని తొక్కే బళ్ళు అద్దెకిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత పస్సెజ్జాత మీదికి రండి. ఊరు ఊరంతా ముస్తాబై అటూ ఇటూ నడుస్తూ ఉంటుంది, ముసలీ ముతకా, పసిపిల్లలు, కుక్కలు సహా. మనవాళ్ళకి ఈ సాయంత్రపు షికారు తెగ నచ్చుతుంది, నేను హామీ. పట్టుచీర కట్టుకోమనండి అత్తయ్యగారిని, అక్కడ ఆ టైములో అదే సరైన డ్రెస్సు. చివర్లో బుర్లమక్కా కాలవ పక్కన సముద్రంలోకి పోయే గట్టు ఉంది, దాని మీద కొంతదూరం వెళ్ళి వెనక్కి తిరిగి చూడండి. ఊరి వెనకాల కొండలు తెల్లగా మెరుస్తుంటాయి. వేసవిలో అది మంచు కాదు, అపువాన్ ఆల్ప్స్ పాలరాతి గనులు. శిల్పి మికెలాంజెలో రాళ్ళు తెప్పించుకున్న కొండలు అవే, ఫ్లోరెన్స్‌లో డేవిడ్ విగ్రహం చూసి వస్తారు కాబట్టి పెద్దబ్బాయికి చెప్పండి, ఆ రాయి పుట్టిల్లు ఇదేనని.

---

కూరలబుట్ట రాశారు:

తిండి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా.

ఊరు చేపలది. కాలవలో పడవల మీదే వేపుడు చేపలు అమ్ముతారు, తినేవాళ్ళకి పండగ. శాకాహారులకి మొదట వెతకాల్సింది చెచీనా. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, ఇంతే, పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, పైన మిరియాల పొడి. గుడ్డు లేదు, పాలు లేవు. పిజ్జా కొట్లలోనే ముక్కలుగా కోసి ఇస్తారు, రొట్టెలో పెట్టి కూడా ఇస్తారు, మూడు నాలుగు యూరోల్లో కడుపు నిండుతుంది. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే చెక్క. అత్తయ్యగారికి ఇది ఒక్కటి దొరికితే మీ టెన్షన్ సగం తీరినట్టే.

స్కార్పాచ్చా అని గుమ్మడి జాతి కాయ, జుకీనితో చేసే తీపి పలుచటి కేకు ఒకటి అక్కడి ప్రత్యేకం, చూడ్డానికి కూర వంటకంలా ఉంటుంది కానీ గుడ్డు వేస్తారు, ఆవిడకి పనికిరాదు, మీరు తినండి. తాజా పాస్తాలో గుడ్డుంటుంది, ఎండు పాస్తా (స్పగెట్టి, పెన్నె) మామూలుగా గోధుమ, నీళ్ళే. కాబట్టి టొమాటో సాసుతో స్పగెట్టి అడగండి. పర్మెజాన్ చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన పదార్థం కలుస్తుంది, అది కూడా పట్టించుకునేవారైతే చీజ్ వద్దని చెప్పాలి. జెలాతో (అక్కడి ఐస్‌క్రీం)లో పళ్ళ రకాలు, నిమ్మకాయ, స్ట్రాబెర్రీ లాంటివి ఎక్కువగా గుడ్డు, పాలు లేకుండా ఉంటాయి, అయినా అడిగి తీసుకోండి.

హోటల్లో "మాంసం వద్దు" అని మాత్రం అంటే చేప పెట్టేస్తారు, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. "నియెంతే కార్నే, నియెంతే పెషె, నియెంతే వోవా" అనండి, మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు "కొపెర్తో" అని పడుతుంది, మోసం కాదు, కూర్చున్నందుకు. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడున్నరకే. పిల్లలున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోకపోతే నాలుగింటికి ఆకలి ఏడుపులు వినాలి.

---

ఇసుకగూళ్ళు రాశారు:

అబ్బ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మామయ్యగారికి చదివి వినిపించా, పాలరాతి కొండల సంగతి వినగానే ఆయన ఫ్లాట్ అయిపోయారు, చింక్వె తెర్రె ఊసెత్తట్లేదు ఇప్పుడు. ఒక రాత్రి ఉండేలానే బుక్ చేస్తున్నాం.

ఇంకో రెండు ప్రశ్నలు. ఒపెరాకి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? వియారెజ్జో అనగానే కార్నివాల్ బొమ్మల ఫోటోలు వస్తున్నాయి, అవి జూలైలో చూడలేమా?

---

పాటలపెట్టె రాశారు:

ఒపెరా రాత్రి తొమ్మిది తర్వాత మొదలై అర్ధరాత్రి దాటుతుంది. అయిదేళ్ళ పాప మొదటి అంకంలోనే నిద్రపోతుంది. అప్పటికి రైళ్ళు ఉండవు, టాక్సీ ముందే చెప్పుకోవాలి. మీరిద్దరూ వెళ్ళి పిల్లల్ని పెద్దవాళ్ళ దగ్గర వదిలితే వేరే సంగతి. వెళ్తే సరస్సు ఒడ్డు కాబట్టి దోమల క్రీము తప్పనిసరి. లేదంటే పగలు పుచ్చీని ఇల్లు చూసి, సరస్సులో పడవ షికారు చేసి వచ్చేయండి, అదీ బాగుంటుంది.

---

రంగులకాగితం రాశారు:

కార్నివాల్ అంటే పెద్ద పెద్ద బొమ్మల రథాల ఊరేగింపు, అది ఫిబ్రవరి వ్యవహారం. మీ పెద్దాడి కోసం మాత్రం ఆ రథాలు తయారయ్యే చోటు, చితదెల్లా దెల్ కార్నెవాలె తప్పకుండా చూడండి, ఊరికి ఉత్తరం వైపు ఉంటుంది, 2001లో తెరిచారు. పెద్ద అండాకారపు మైదానం చుట్టూ ఎత్తైన షెడ్లు, ఒక్కో షెడ్డులో ఒక్కో రథం తయారవుతుంది. మ్యూజియం కూడా ఉంది. వేళలు కాలాన్ని బట్టి మారతాయి, వెళ్ళేముందు సైట్‌లో చూసుకోండి.

మొదటి ఊరేగింపు 1873లో. మొదట్లో రథాల చట్రాలు కట్టింది ఇక్కడి పడవలు చేసే పనివాళ్ళే, చెక్క, ఇనుము, గోనె, ప్లాస్టర్ అన్నీ వాడేవాళ్ళు, బరువెక్కి కదిలేవి కావు. 1925లో అంతోనియో దర్లియానో అనే ఆయన కాగితం గుజ్జు పద్ధతి తెచ్చాడు. మట్టితో బొమ్మ చేసి, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, అచ్చు లోపల పాత పేపర్ ముక్కలు పిండి జిగురుతో పొరలు పొరలుగా అంటిస్తారు. ఆరాక తీస్తే లోపల డొల్ల, తేలిక. అందుకే ఇప్పుడు 20 మీటర్ల ఎత్తు రాజకీయ నాయకులు కళ్ళు తిప్పుతూ చేతులూపుతూ రోడ్డు మీద నడుస్తారు, లోపల మనుషులు తాళ్ళూ మీటలూ లాగుతుంటారు. నాయకుల్ని ఏకిపారేయడమే ఆ రథాల పని, అందంగా ఉండటం రెండోది. ఎరుపు తెలుపు గళ్ళ బట్టల విదూషకుడు బుర్లమక్కో ఈ ఊరి గుర్తు, 1930లో ఉబెర్తో బొనెత్తి గీశాడు, పస్సెజ్జాత మీద ప్రతి దుకాణంలో కనపడతాడు, పిల్లలు కొనమని ఏడిపిస్తారు, డబ్బులు పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి, ఎవరూ అనలేదు కాబట్టి. 2009 జూన్ 29 రాత్రి ఇక్కడి స్టేషన్ దగ్గర గ్యాస్ ట్యాంకర్ల గూడ్సు రైలు పట్టాలు తప్పి పేలిపోయింది, 32 మంది చనిపోయారు. పక్కనున్న వీధే తగలబడింది. మీరు వెళ్ళే రోజులకి సంవత్సరీకం అప్పుడే అయి ఉంటుంది, స్టేషన్ పరిసరాల్లో పూలు, ఫోటోలు కనిపిస్తే ఏమిటా అనుకోకండి, ఫోటోలు తీయడానికి ఎగబడకండి.

---

పీసా_రోజులు రాశారు:

తిరుగు ప్రయాణం శుక్రవారం అయితే ముందురోజే రైల్వే సమ్మె ఉందేమో చూసుకోండి, ఇటలీలో శుక్రవారం సమ్మెలు మామూలే. ఉన్నా కూడా పనిరోజుల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని ప్రాంతీయ రైళ్ళు తప్పనిసరిగా నడపాలి, ఏవో ముందే ప్రకటిస్తారు. వచ్చేటప్పుడు లుక్కాలో దిగి ఒక రెండు గంటలు ఆగగలిగితే ఆగండి, స్టేషన్ ఎదురుగానే పాత కోటగోడ, దాని పైనే చెట్ల నీడలో నాలుగు కిలోమీటర్ల దారి, సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. పైకి ఎక్కడానికి వాలుగా దారులున్నాయి, మెట్లు ఎక్కక్కర్లేదు.